గుస్తార్ అంటే నచ్చడమే

తిరుపతి,
ఆదివారం

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి అదే ఆలోచన. నీ పన్నెండో తరగతి పిల్లలు స్పానిష్ క్రియారూపాలన్నీ గడగడా అప్పజెబుతారు, సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే మాత్రం తప్పుల మీద తప్పులు అన్నావు. ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు పండిట్‌గా సంధి సూత్రాలు బట్టీ పట్టించినదాన్ని, నాకిది కొత్తా? సూత్రం తడుముకోకుండా చెప్పిన పిల్లే, తను రాసిన వాక్యంలో సంధి ఎక్కడుందో చూపించమంటే దిక్కులు చూసేది. తప్పు నాదేనని చానా ఏళ్ళకు గానీ తెలియలేదు.

బీరువా సర్దుతుంటే ఇఫ్లూలో (అదే, నువ్వు చదివిన విదేశీ భాషల యూనివర్సిటీలో) నువ్వు రాసుకున్న నోట్సులు దొరికాయి. నాకు స్పానిష్ రాదు. అందులో ఉన్నంతవరకే తెలుసు. అయినా ఒకటి చెబుతా. నువ్వు పిల్లల్ని ఇంగ్లీషు మీదుగా తీసుకుపోతున్నావు. తిరుపతి నుంచి చంద్రగిరికి రేణిగుంట మీదుగా పోయినట్టుంది.

'గుస్తార్' దగ్గర ఎర్ర ఇంకుతో 'కర్త, కర్మ తారుమారు' అని రాశావు. ఎవరికి తారుమారు? ఇంగ్లీషువాళ్ళకు. మనం 'నాకు బేనీషా మామిడి నచ్చింది' అంటాం, పండ్లు ఎక్కువైతే 'నచ్చాయి' అంటాం. స్పానిష్‌వాళ్ళూ అంతే, ఒకటైతే 'మె గుస్తా', ఎక్కువైతే 'మె గుస్తాన్'. నీ క్లాసులో హిందీ పిల్లలు 'ముఝే పసంద్ హై' అంటారు. ఇక్కడి ఆటోవాళ్ళు అరవ యాత్రికులతో 'ఎనక్కు పిడిక్కుం' అంటారు. అందరికీ 'నాకు' తోనే మొదలు.

సెర్, ఎస్తార్ రెండూ మన 'ఉండు' లాంటి క్రియలే. వాటి గురించి 'శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్' అని రాసుకున్నావు. మరి చనిపోయినవాడికి ఎస్తార్ వాడతారని తర్వాతి పేజీలో ఉందే! వాడు తాత్కాలికంగా పోయాడా? తిరుమల కొండ ఎక్కడికీ కదలదు, అయినా అది ఎక్కడుందో చెప్పడానికి ఎస్తారే. నాకైతే మన మాటే దగ్గరగా అనిపించింది. 'నేను టీచర్ని' అనేటప్పుడు మనకు క్రియే అక్కర్లేదు, అక్కడ సెర్. 'నేను తిరుపతిలో ఉన్నాను', అక్కడ ఎస్తార్. 'పెళ్ళి తిరుమలలో' అంటాం, 'ఉంది' అనం, అది సెర్. 'పెళ్ళికూతురు తిరుమలలో ఉంది' అంటే ఎస్తార్. ఇది చూసినప్పుడు ఒక్కదాన్నే నవ్వుకున్నా. 'మంచు చల్లగా ఉంటుంది', 'కాఫీ చల్లగా ఉంది' కూడా అంతే, మొదటిది సెర్, రెండోది ఎస్తార్. అన్నిచోట్లా అతకదులే, అయినా పిల్లలకు పట్టు దొరుకుతుంది.

భూతకాలం రెండు రకాలుగా ఉందని భయపెట్టకు. 'ఏటా గంగమ్మ జాతరకు వెళ్ళేవాళ్ళం, ఒక ఏడు నువ్వు తప్పిపోయావు.' వెళ్ళేవాళ్ళం అంటే 'ఇబామోస్', తప్పిపోయావు అంటే 'తె పెర్దిస్తె'. (ఆ రోజు నేను పడ్డ టెన్షన్‌కు మాత్రం ఏ భాషలోనూ రూపం లేదు.) అయితే 'ఆ రోజు ఎండ మండిపోతోంది' లాంటి వర్ణనకు కూడా వాళ్ళు ఇబామోస్ రకమే వాడతారు. అక్కడ మన '-ఏవాళ్ళం' సాయం రాదు.

సబ్జంక్టివ్ (కోరిక, సంతోషం, ఇంకా జరగని పని లాంటివి చెప్పేటప్పుడు వాళ్ళు వాడే క్రియారూపం) దగ్గర మన భాష చెయ్యి వదిలేస్తుంది, దాచడమెందుకు. 'చేరగానే ఫోన్ చేశాను', 'చేరగానే ఫోన్ చెయ్యి' రెండింటికీ మనకు ఒక్క 'చేరగానే' చాలు. వాళ్ళు మొదటిదానికి 'యెగే', రెండోదానికి 'యెగెస్' అంటారు. ఇలాంటిచోట 'జరిగిపోయిందా, ఇంకా జరగాలా?' అని అడిగించు. కానీ 'నువ్వు వచ్చినందుకు సంతోషం' అనేటప్పుడు రావడం అయిపోయినా సబ్జంక్టివే. దాన్ని వేరే రోజు చెప్పు, రెండూ కలిపితే పిల్లలు బెదిరిపోతారు.

1847లో చిలీలో ఆంద్రెస్ బెయో అనే వ్యాకరణ పండితుడు, స్పానిష్ వ్యాకరణాన్ని లాటిన్ అచ్చులో పొయ్యొద్దన్నాడని నీ నోట్సులోనే ఉంది. నువ్వు ఇంగ్లీషు అచ్చులో పోస్తున్నావు. కోపం తెచ్చుకోకు, పండిట్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

మీ నాన్న తోతాపురి ఆవకాయ డబ్బాలో పెట్టి మూత చుట్టూ టేపు చుడుతున్నారు. రేపు పార్సెల్ వేస్తాం. చేరగానే ఫోన్ చెయ్యి.

అమ్మ