ఆ పాత స్పెక్ట్రమ్‌ను కరెంటుకు కలిపే ముందు

గుంటూరు

చి.ల.సౌ. అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. లెస్టర్‌లో పాత సామాన్ల దుకాణంలో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ (టీవీకి తగిలించి వాడే 1980ల నాటి చిన్న కంప్యూటర్) కనిపిస్తే చంటివాడి కోసం కొన్నావనీ, ఫోనులో నేను చెప్పినదాంట్లో సగం మరిచిపోయావనీ రాశావు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. దీన్ని ఆ కంప్యూటర్ పెట్టెలోనే ఉంచుకో.

దానితో పాటు అడాప్టర్ రాలేదని, ఇంట్లో ఉన్న మరో 9 వోల్టుల అడాప్టర్ పెట్టవచ్చా అని అడిగావు. దయచేసి ఆ పని చేయకు. ఈ రోజుల్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి ప్లగ్గు నడిమి భాగం ప్లస్, బయటి గొట్టం మైనస్. స్పెక్ట్రమ్‌కు సరిగ్గా దీనికి తలకిందులు: నడుమ మైనస్, బయట ప్లస్. వోల్టులు సరిపోయాయి కదా అని పెట్టేస్తే లోపలి భాగాలు కాలిపోతాయి. ఆ యంత్రానికే తయారుచేసిన అడాప్టర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు, అదే తెప్పించు. పాతకాలపు అసలు అడాప్టర్ దొరికితే, దాన్ని కంప్యూటర్‌కు కలపకుండా మల్టీమీటర్‌తో చూసినప్పుడు 9కి బదులు 13 దాకా చూపిస్తుంది. భయపడనక్కరలేదు, దాని తీరే అంత. లోపల ఉన్న రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు తగ్గించుకుంటుంది, మిగిలినదంతా వేడిగా పోతుంది కాబట్టి కాసేపటికి కీబోర్డు ఒక పక్క వెచ్చగా తగులుతుంది. ఈ యంత్రానికి స్విచ్చు లేదు, ప్లగ్గు పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. వెనుక ఉన్న పొడుగాటి కనెక్టర్‌కు ఏదైనా తగిలించాలన్నా, తీయాలన్నా ముందు ప్లగ్గు పీకేయాలని చంటివాడికి గట్టిగా చెప్పు.

టీవీ సంగతి. ఇది 36వ ఛానెల్ మీద పాత పద్ధతి అనలాగ్ సిగ్నల్ పంపుతుంది. మీ టీవీ తనంతట తానుగా డిజిటల్ ఛానెళ్లు మాత్రమే వెతుక్కుంటే దీన్ని ఎన్నటికీ పట్టదు. మెనూలో అనలాగ్ ట్యూనింగ్ అని వేరుగా ఉంటుంది, అక్కడ చేత్తో వెతకాలి. అది లేని టీవీ అయితే, లోపలి చిన్న మార్పుతో కాంపోజిట్ వీడియో (ట్యూనింగ్ అక్కరలేకుండా టీవీకి నేరుగా ఇచ్చే బొమ్మ సిగ్నల్) బయటకు తీయించవచ్చు, తెలిసిన మెకానిక్‌కు గంట పని. మా రోజుల్లో మన ఇంటి టీవీకి ఆ ఛానెలే లేదు. బావ లండన్ నుంచి తెచ్చి ఇచ్చిన కంప్యూటర్‌ను టీవీ మెకానిక్ నాలుగు రోజులు తన దగ్గర పెట్టుకుని ఎలాగో కలిపిచ్చాడు, అదీ నలుపు తెలుపుల్లోనే.

బొమ్మ సరిగా వస్తే, ప్లగ్గు పెట్టగానే తెర ఒకటి రెండు క్షణాలు నల్లబడి, తరువాత తెల్లబడి, అడుగున 1982 నాటి సింక్లెయిర్ రీసెర్చ్ పేరున్న పంక్తి కనిపిస్తుంది. నల్లగా ఉన్న ఆ కొద్దిసేపట్లో యంత్రం తన మెమరీలోని ప్రతి గడిలోనూ ఒక అంకె రాసి, తిరిగి చదివి చూసుకుంటుంది. దుకాణదారుడు 48 కిలోబైట్లదని చెప్పాడన్నావు కదా, దాన్ని నువ్వే తేల్చుకోవచ్చు: ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని ఇచ్చి ఎంటర్ నొక్కితే 65535 రావాలి, అది మెమరీలో చివరి గడి నంబరు. 32767 వస్తే అది 16 కిలోబైట్ల యంత్రం, లేదా మెమరీలో పై భాగం చెడిపోయిందన్నమాట. 1982 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు చిన్నదాని వెల 125 పౌండ్లు, పెద్దదానిది 175. ఆ తేడా ఈ అంకెలోనే ఉంది.

"లోడ్ అని టైపు చేస్తే ఏదో పిచ్చి మాట వస్తోంది" అని రాశావు. వస్తుంది మరి. ఈ యంత్రం బేసిక్ (దాని ప్రోగ్రాము భాష) ఆజ్ఞలను అక్షరం అక్షరంగా తీసుకోదు. వెలిగి ఆరుతున్న కర్సర్‌లో కె అక్షరం ఉన్నప్పుడు ఒక్కో మీట ఒక్కో పూర్తి మాట. నువ్వు ఎల్ నొక్కగానే "లెట్" అనే మాట పడింది, ఆపైన ఓ, ఏ, డి చిన్న అక్షరాలుగా దాని వెనుక చేరాయి. టేప్ మీది ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించే లోడ్ ఆజ్ఞ కావాలంటే జె ఒక్కటే నొక్కు. తరువాత సింబల్ షిఫ్ట్ పట్టుకుని పి రెండుసార్లు నొక్కితే రెండు కొటేషన్ గుర్తులు వస్తాయి, ఎంటర్ నొక్కి టేప్ నడిపించు. మొత్తం 40 మీటలే కాబట్టి ఒక్కో దాని మీద నాలుగైదు మాటలు అచ్చువేసి ఉంటాయి. వారం రోజుల్లో వేళ్లకు అలవాటైపోతుంది, కళ్లకు మాత్రం కాదు. కొన్ని మీటలు అసలు పలకకపోతే తప్పు వేలిది కాకపోవచ్చు: రబ్బరు మీటల కింద ఉండే పల్చటి పొర నుంచి రెండు పట్టీలు లోపలి బోర్డులోకి దిగుతాయి, అవి ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి చిట్లుతాయి. కొత్త పొరలు దొరుకుతున్నాయి. మూత విప్పేటప్పుడు పైభాగాన్ని ఒక్కసారిగా లాగితే బాగున్న పట్టీలు కూడా తెగుతాయి, నెమ్మదిగా పుస్తకం తెరిచినట్టు తెరవాలి.

టేప్ దగ్గరే ఎవరికైనా ఓపిక నశిస్తుంది. ముందు సన్నగా సాగే ఒకే మోత వినిపిస్తుంది, తెర అంచుల్లో ఎరుపు, లేత నీలం రంగు చారలు నెమ్మదిగా కదులుతాయి. తరువాత మోత గరగరగా మారి, చారలు పసుపు, నీలం రంగుల్లో సన్నబడి ఉరుకుతాయి. (ఈ రంగులు నేను మాన్యువల్‌లో చదివి తెలుసుకున్నవే. మన టీవీలో అన్నీ బూడిద రంగే.) ప్రోగ్రాము పేరు తెర మీదికి వచ్చి కూడా, చివర్లో టేప్ లోడింగ్ ఎర్రర్ అని ఆగిపోతుంటే ధ్వని హెచ్చుతగ్గులు మార్చి చూడు. ముప్పాతిక వంతు దగ్గర మొదలుపెట్టి, ట్రెబుల్ పూర్తిగా పెంచి, డాల్బీ (టేప్ సరసర శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు) ఉంటే ఆపేయి. అప్పటికీ కాకపోతే, టేప్ రికార్డర్ హెడ్‌ను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూను మోత బాగా పదునుగా వినిపించేదాకా కొద్దికొద్దిగా తిప్పాలి. నువ్వు ప్రోగ్రామును టేప్ మీదికి సేవ్ చేసేటప్పుడు మాత్రం, కంప్యూటర్‌ను రికార్డర్‌కు కలిపే రెండు వైర్లలో ఇయర్ అని రాసి ఉన్న వైరు పీకేసి, మైక్ వైరు ఒక్కటే ఉంచాలి.

సేవ్ అంటే గుర్తొచ్చింది, అమ్మను అడిగితే ఇప్పటికీ నవ్వుతుంది. 1988లో పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వేయడానికి నేనొక ప్రోగ్రాము రాశాను. 42 మంది పిల్లలు, ఆరేసి సబ్జెక్టులు, అంటే 252 అంకెలు. ఒక ఆదివారం ఉదయం నుంచి కూర్చుని 240 దాకా ఎక్కించాను. వంటింట్లో అమ్మ కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసింది. ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారింది, తెర నల్లబడింది, తెల్లబడింది, అడుగున ఆ 1982 పంక్తి వచ్చి కూర్చుంది. అరుద్దామన్నా ఎవరి మీద అరవాలి? ఆ రోజు నుంచి మిక్సీ వేసే ముందు "ఏమండీ, సేవ్ చేసుకున్నారా?" అని వంటింట్లోంచి కేక వినిపించేది. నీకప్పుడు మూడేళ్లు, ఆ మాట నువ్వు కూడా పట్టుకుని వీధిలో కూరగాయల వాళ్లను అడిగేదానివి.

చంటివాడి ప్రశ్న ఒకటి మిగిలింది: ఆటలో మనిషి బొమ్మ చెట్టు ముందుకు రాగానే చెట్టు రంగు అంటుకుంటోందేమని. తెరను గళ్ల నోటుపుస్తకంలా అడ్డంగా 32, నిలువుగా 24 గళ్లుగా ఊహించుకోమను. ఒక్కో గడిలో చుక్కలు 64 ఉన్నా, రంగులు రెండే: సిరా ఒకటి, కాగితం ఒకటి. మనిషీ చెట్టూ ఒకే గడిలోకి వస్తే ఎవరో ఒకరు రెండోవారి రంగు పూసుకోవాల్సిందే. బొమ్మకు 6144 బైట్లు, రంగులకు 768 చాలునని అలా సర్దారు. ప్రతి చుక్కకూ దాని రంగు దానికి ఇచ్చి ఉంటే ప్రోగ్రాములకు చోటెక్కడిది? వాడికి అర్థమవుతుంది, లెక్కల్లో చురుకే కదా.

ఆ మార్కుల క్యాసెట్టు అటకమీద దొరికింది. పిన్ని కొడుకు వచ్చే నెల అటు వస్తున్నాడు, వాడి చేత పంపుతాను. ఒకే ప్రోగ్రామును వరుసగా మూడుసార్లు సేవ్ చేసి, ప్రతి కాపీకి ముందు నా గొంతుతో "ఒకటో కాపీ", "రెండో కాపీ" అని చెప్పి ఉంచాను. మొదటిది పట్టకపోతే ఇయర్ వైరు తీసి టేప్‌ను ముందుకు నడిపించు, వైరు ఉన్నంతసేపు స్పీకర్ పలకదు. నా గొంతు వినిపించిన చోట ఆపి, వైరు మళ్లీ పెట్టి రెండోదానితో ప్రయత్నించు. లోడ్ అయ్యాక మాత్రం అలవాటుకొద్దీ ఆర్ నొక్కి రన్ ఇవ్వకు, రన్ ఇస్తే మెమరీలో ఉన్న మార్కులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. జి నొక్కితే గో టు వస్తుంది, దాని పక్కన 10 కొట్టి ఎంటర్ నొక్కు. 42 మందీ వరుసగా వస్తారు.

ఇట్లు,
నాన్న