ఆవాల డబ్బాలో మాత్ర

తణుకు,
12 మార్చి 2025

చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి బీపీ మాత్ర మార్చారు, కాళ్ల వాపు తగ్గింది. మామ్మ రోజూ నీ పేరు చెప్పి దీపం పెడుతోంది. పెరట్లో మామిడి ఈసారి పిందె బాగా నిలిచింది. మొన్న గాలికి రాలినవి ఏరి పప్పులో వేశాను. నువ్వుంటే ఉప్పూ కారం అద్దుకుని సగం చెట్టు కిందే తినేసేదానివి.

ఫోన్లో అయితే నాలుగు ముక్కల్లో పెట్టేస్తున్నావని ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడు ఫోటో తీసి పంపుతానన్నాడు. తీరిగ్గా చదువుకో. ప్రత్యేకించి కారణం ఏమీ లేదు.

బాబీ పెళ్లికి భీమవరం వెళ్లాం. భోజనాల దగ్గర విజయ పిన్ని నా పక్కకి జరిగి, "అమెరికా వాళ్లు డబ్బులు ఆపేశారటగా వదినా, దక్షిణాఫ్రికాలో చిన్ని పనిచేసే ఆ హెచ్ఐవీ ఆఫీసులన్నీ మూసేస్తున్నారట, చిన్ని వచ్చేసిందా?" అంది. నేను "లేదమ్మా, పని ఎక్కువై ఫోన్ చేయడానికే తీరడం లేదు" అన్నాను. అన్నానే గానీ ముద్ద దిగలేదు. ఇంటికొచ్చి నీ మెసేజ్‌లన్నీ మళ్లీ చూసుకున్నాను. ఫిబ్రవరి 3న "బాగున్నాను అమ్మా". 11న "బాగున్నా". 20న ఒక బొటనవేలి బొమ్మ. ఆ తర్వాత ఏమీ లేదు. సరే, అది అలా ఉంచు.

థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా? వేసుకున్న వెంటనే కాఫీ తాగకు. గోంగూర పచ్చడి అయిపోయి ఉంటుంది. శేషు గారబ్బాయి ఏప్రిల్లో జోహాన్నెస్‌బర్గ్ వెళ్తున్నాడట, అతనితో రెండు కిలోలు పంపిస్తాను. ఉగాది 30న. కిందటేడు మీ డర్బన్‌లో తెలుగువాళ్లతో పండగ చేసుకుని ఫోటో పంపావు కదా. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో చెరకు తోటల పనికి వెళ్లినప్పటి నుంచీ మనవాళ్లు ఆ గడ్డ మీద ఉన్నారని, 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారని రాశావు. ఈసారీ వెళ్లు. ఒక్కదానివీ గదిలో కూర్చోకు.

పేపర్లో చదివాను. జనవరి 20న అమెరికా కొత్త అధ్యక్షుడు బయటి దేశాలకిచ్చే సాయాన్ని 90 రోజులు ఆపమని సంతకం పెట్టాడని. మన హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన మిత్ర్ క్లినిక్ కూడా ఆ డబ్బు ఆగాకే మూతపడింది. ఇక్కడే ఇలా ఉంటే మీ దగ్గరెలా ఉంటుంది? సుమారు 80 లక్షల మంది హెచ్ఐవీతో బతుకుతున్న దేశం, అందులోనూ మీ క్వాజులు-నటాల్ అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న చోటు. దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ రాకుండా ఆడవాళ్ల ఒంట్లో రింగులు పెట్టి చేసే ఒక పరీక్షని మధ్యలో ఆపమన్నారని చదివినప్పుడు నాకు గుండె గుభేలుమంది. రింగ్ ఆ ఆడపిల్లల ఒంట్లో ఉండగానే ఆపేస్తే తీసేదెవరు? అంతమంది చదువుకున్నవాళ్లకి ఈ సంగతి తట్టలేదా? పని ఆపమన్నా వినకుండా వెళ్లి తీసిన డాక్టర్లు, నర్సులు ఉన్నారట. వాళ్లు చల్లగా ఉండాలి. వాళ్లలో నువ్వు ఉన్నావేమోనని ఒకసారి, ఉండకపోతే బాగుణ్ణని ఒకసారి అనిపించింది. ఉన్నా నేనేమీ అనను.

నువ్వు డర్బన్ వెళ్లిన కొత్తలో నాకో సంగతి చెప్పావు, గుర్తుందా? 2010లో ఆడవాళ్లు లోపల రాసుకునే జెల్ మీద పరీక్ష, 889 మంది ఆడవాళ్లు, హెచ్ఐవీ సోకడం 39 శాతం తగ్గిందని లోకమంతా సంబరపడ్డారు. ఆడది మగాణ్ణి బతిమాలకుండా తనని తాను కాపాడుకునే మందు వచ్చిందని. తర్వాత వాయిస్ అని ఇంకా పెద్ద పరీక్ష చేశారు. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది, కొందరికి మాత్రలు, కొందరికి జెల్. మందు వాడుతున్నారా అంటే నూటికి తొంభై వంతులు వాడుతున్నామనే జవాబు. 2013లో వాళ్ల రక్తం పరీక్ష చేసిన లెక్క బయటికొస్తే, మూడో వంతు నమూనాల్లో కూడా మందు జాడ లేదు. ఆ మాత్రలు కనిపిస్తే జబ్బు ఉన్నదనుకుంటారని, మొగుడు అనుమానిస్తాడని, చాలామంది పక్కన పెట్టేశారు. నెలనెలా వచ్చి అడిగేవాళ్లకి మాత్రం "వాడుతున్నాను" అని చెప్పారు. నువ్వు ఆశ్చర్యంగా చెప్పావు. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, నీ పనికి పనికొస్తుంది.

2004 సంగతి. నేను అప్పుడు లంక ఊళ్ల వైపు సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని. నువ్వు మూడో తరగతి. ఒకమ్మాయి రెండో కాన్పు. గర్భిణులకు చేసే పరీక్షలో పాజిటివ్ వచ్చింది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకుంది. నేను చెప్పలేదు, ఈ రోజుకీ ఆమె పేరు నా నోట రాదు. ఆ రోజుల్లో బిడ్డకి సోకకుండా తల్లికి ఒక్కటే నెవిరపిన్ మాత్ర. నొప్పులు మొదలవగానే వేసుకోవాలి, బిడ్డ పుట్టాక 72 గంటల్లోగా వాడికి సిరప్ వేయాలి. అంతే మందు. ఎనిమిదో నెలలో ఆ మాత్ర ఆమె చేతికిచ్చారు. నేను వెళ్లినప్పుడల్లా "మాత్ర భద్రంగా ఉందామ్మా?" అని అడిగేదాన్ని. "ఉందండీ, చెప్పినట్టే వేసుకుంటానండీ" అనేది. రిజిస్టర్‌లో టిక్ పెట్టుకుని వచ్చేసేదాన్ని. నాలుగుసార్లు పెట్టాను.

ఒక రాత్రి రెండు దాటాక వాళ్ల మరిది వచ్చి తలుపు కొట్టాడు. నీకు జ్వరం. నాన్న డ్యూటీలో ఉన్నారు. నిన్ను దుప్పటిలో చుట్టి రమణమ్మత్తయ్య పక్కలో పడుకోబెట్టి వెళ్లాను. ఆటోలో పీహెచ్‌సీకి తీసుకెళ్తుంటే నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. మాత్ర వేసుకోలేదట. సాయంత్రం నుంచి నొప్పులు. మాత్రేమో వంటింట్లో ఆవాల డబ్బా అడుగున. అత్తగారు వంటింటి గడపలోనే కూర్చుంది, లేవలేదు. అది ఏం మాత్ర అని అడిగితే ఏం చెప్పాలో తెలియక పళ్లు బిగబట్టి నొప్పులు పడుతూ కూర్చుందిట. పీహెచ్‌సీలో ఇంకో మాత్ర లేదు, జిల్లా ఆస్పత్రి నుంచి తెప్పించాలి. ఆమెని అక్కడ దింపి అదే ఆటోలో వెనక్కి వెళ్లాను. "బిడ్డకి పాత మెత్తటి గుడ్డలు కావాలి, ఉతికినవి చూసి ఇవ్వు పెద్దమ్మా" అని అత్తగారిని పెట్టె దగ్గరికి పంపాను. డబ్బా తీసి చెయ్యి మొత్తం దించాను. కాగితం పొట్లం తగిలింది. దీపం వెలుగులో నా మణికట్టు దాకా ఆవాలు అంటుకున్నాయి. ఆటో ఎక్కాక కూడా చీర కుచ్చెళ్లలోంచి రాలుతూనే ఉన్నాయి.

మాత్ర వేసుకున్న మూడు గంటలకు మగపిల్లాడు పుట్టాడు. సిరప్ వేశాం. పద్దెనిమిది నెలలకు చేసిన పరీక్షలో నెగటివ్ వచ్చింది.

ఆ అమ్మాయిని తర్వాత అడిగాను, ఇంటి సంగతి ముందే చెప్పి ఉంటే వేరే దారి చూసేదాన్ని కదమ్మా అని. "మీరు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని అడుగుతారండీ. ఉంది అంటే మీ మొహం విప్పారుతుంది. మా ఇంట్లో నా వల్ల ఎవరి మొహమూ విప్పారదండీ" అంది. ఆ మాట విన్నాక నేను రిజిస్టర్ సంచిలోనే ఉంచి, ముందు వాళ్లతో కూర్చుని పేలు చూస్తూనో కూర తరుగుతూనో మాట్లాడటం నేర్చుకున్నాను. అత్తగారికి వేరే పని చెప్పి పంపడం నేర్చుకున్నాను. మాత్ర ఇచ్చేటప్పుడే ఎక్కడ దాస్తావు, ఆ చోట ఎవరు కూర్చుంటారు, రాత్రి పూట అయితే ఎలా తీస్తావు అని అడిగేదాన్ని. మీ ప్రశ్నల కాగితాల్లో ఇవి ఉంటాయా? ఉండాలి చిన్నీ. మాత్ర ఇచ్చాం కదా అని చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆ ఇంట్లో ఆ పిల్లకి గుక్కెడు నీళ్లు తాగడానికి చాటు ఉందో లేదో చూడాలి. అందుకే కిందటేడు జూన్‌లో ఆరు నెలలకొకసారి వేసే లెనకపవిర్ సూది గురించి నువ్వు ఫోన్ చేసి అరిచినప్పుడు నేనూ ఏడ్చాను. దక్షిణాఫ్రికా, ఉగాండా పిల్లలు 2,134 మందికి వేస్తే ఒక్కరికీ సోకలేదంటే! ఏ డబ్బాలోనూ దాచక్కర్లేని మందు.

చెప్పకూడదనుకుంటూనే పాఠం చెప్పేశాను.

నువ్వు "బాగున్నాను" అని పంపినవి చూస్తే నాకు ఆ నాలుగు టిక్కులే గుర్తొచ్చాయి. నేను కూడా నిన్ను "బాగున్నావా" అనే అడుగుతున్నాను. అందుకని వేరేగా అడుగుతున్నాను. జీతం ఫిబ్రవరిది వచ్చిందా? గది అద్దె ఎవరు కడుతున్నారు? వీసా ఎప్పటిదాకా? రాత్రి ఏం తింటున్నావు, వండుకుంటున్నావా, బ్రెడ్డేనా? నీతో పని చేసే ఆ జులూ పిల్లలు, ఇంటింటికీ తిరిగేవాళ్లు, వాళ్లకి జీతాలు ఆగాయా? ఆ పరీక్షల్లో చేరిన ఆడవాళ్లకి మందు ఎవరిస్తున్నారు? ఉద్యోగం పోయి ఉంటే పోయిందని చెప్పు. నాన్నకి నేను చెబుతాను. విజయ పిన్నికి ఏం చెప్పాలో నాకు తెలుసు. నీ గది ఊడ్చి దుప్పట్లు ఎండలో వేశాను. ఎందుకంటే వేశాను, అంతే. నువ్వు అక్కడే ఉండి ఆ పిల్లల కోసం తిరుగుతున్నా సరే, నా పెన్షన్లోంచి నెలకి పదిహేను వేలు పంపగలను. తమ్ముడు పంపే దారి కనుక్కున్నాడు. వద్దనకు.

జుట్టు బాగా ఊడుతోందన్నావు, థైరాయిడ్ పరీక్ష మళ్లీ చేయించు. సాయంత్రం చీకటి పడ్డాక ఆ మినీ బస్సుల్లో ఒక్కదానివీ వెళ్లకు.

ఆదివారం మీకు పొద్దున్న ఏడైతే మాకు పదిన్నర. నాన్న గుడికి వెళ్తారు, తమ్ముడు క్రికెట్‌కి వెళ్తాడు, మామ్మకి వినపడదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. అప్పుడు చెయ్యి.

ఇట్లు,
అమ్మ