తల తిరిగిన సంగతి కూడా రాయించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఆటలు, అంటే కళ్లకు పెట్టె తగిలించుకుని లోపలి లోకంలో ఉన్నట్టే ఆడే ఆటలు, ఆడే నలుగురు కుర్రవాళ్ల అనుభవాలు వేశారు. నలుగురూ బాగానే రాశారు. ‘అద్భుతం’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను, పదకొండు. ఎన్ని నిమిషాలకు తల తిరిగిందో మాత్రం ఒక్కరూ రాయలేదు. పైగా అందులో ఒక అబ్బాయి, మొదట్లో వికారంగా ఉన్నా పట్టించుకోకుండా ఆడుతూ పోవాలని, పట్టుదల ఉంటే అదే తగ్గుతుందని సలహా ఇచ్చాడు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. అందులో సగానికి పైగా మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డే. కాబట్టి వాంతుల గురించి మాట్లాడే అర్హత నాకుందని మనవి. నల్లమలలో మలుపులు మొదలవగానే ఎవరి పని అవుతుందో అద్దంలో చూసి చెప్పేవాణ్ణి. నిద్ర లేకపోయినా వరుసగా ఆవలింతలు తీస్తారు, మాటలు ఆపేస్తారు, మొహం పాలిపోతుంది, గుటకలు మింగుతారు. నిమ్మకాయ వాసన చూసేవాళ్లు, ముందే కవరు పట్టుకుని కూర్చునేవాళ్లు, ‘నాకేమీ కాదు’ అని ఫోనులో సినిమా పెట్టుకుని శిఖరం రాకముందే కిటికీ కోసం తడుముకునేవాళ్లు, అందరినీ చూశాను. నాకు మాత్రం ఒక్క రోజు కడుపులో తిప్పలేదు. అది నా ఒంటి గట్టితనమని మొన్నటి ఏప్రిల్ దాకా అనుకున్నాను.

ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. అల్లుడి దగ్గర మెటా కంపెనీ వాళ్ల క్వెస్ట్ 2 అనే వీఆర్ పెట్టె ఉంది. 2020లో వచ్చిన రకం, బరువు అర కిలో. నా కళ్లద్దాల మీదుగానే దాన్ని తొడిగాడు. లోపల అంతా మసక మసకగా కనిపించింది. పోయినేడాది చేయించుకున్న శుక్లాల ఆపరేషన్ చెడిపోయిందేమోనని గుండె జారింది. తీరా చూస్తే లోపలి రెండు కటకాల మధ్య దూరం మా మనవడి కళ్లకు సరిపెట్టి ఉంది. దాన్ని 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు మెట్లలో జరపవచ్చు. ఒక్క మెట్టు జరపగానే అక్షరాలు పూసల్లా తేలాయి. ఇంత చిన్న సంగతి మీ నలుగురిలో ఒక్కరైనా రాసి ఉంటే ఎంతమంది తల్లిదండ్రుల గుండెలు జారకుండా ఉండేవో.

మొదట బీట్ సేబర్ ఆడించారు. రెండు చేతుల్లో ఎర్ర కత్తి, నీలం కత్తి. పాటకు తగ్గట్టు ఎదురుగా దూసుకొచ్చే ఘనాలను బాణం గుర్తు చూపిన దిక్కుకు నరకాలి. మనం నిలబడ్డ చోటే ఉంటాం, వచ్చేవి అవి. రెండు పాటలకు భుజాలు పట్టేశాయి గానీ కడుపు చల్లగానే ఉంది. ఇది చెక్ దేశంలోని ప్రాగ్ కుర్రవాళ్లు చేసిన ఆటని మనవడు చెప్పాడు. అసలు కథ కూడా ప్రాగ్ వాళ్ల ఆటతోనే నడిచింది.

అది యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, యూరప్ రోడ్ల మీద లారీ నడిపే ఆట. అల్లుడు పెట్టెను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ‘మామయ్యా, ఇది మీకోసమే’ అన్నాడు. కళ్లు తెరిచేసరికి లారీ క్యాబిన్‌లో ఉన్నాను. ఎదురుగా డాష్‌బోర్డు, పక్కకు తల తిప్పితే అద్దాలు, అద్దంలో వెనక ట్రాలీ. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కళ్లు చెమర్చాయి. స్టీరింగ్ ఎడమ వైపు ఉందని గొణిగితే మనవడు బ్రిటన్‌కు మార్చాడు. అక్కడ మనలాగే కుడి చేతి స్టీరింగ్, రోడ్డుకు ఎడమ పక్కన ప్రయాణం.

ఊరి బయట రౌండ్‌అబౌట్ (చుట్టూ తిరిగి దాటే కూడలి) వచ్చింది. బ్రేకు వేశాను. బ్రేకు వేయగానే ఒళ్లు ముందుకు తూలాలి. తూలలేదు. బండి ఎడమకు తిరిగింది, నడుము కుడికి ఒరగాలి. ఒరగలేదు. కింద ఉన్నది డైనింగ్ టేబుల్ కుర్చీ! నాలుగో నిమిషంలో నోట్లో నీళ్లూరాయి. ఆరో నిమిషంలో నేనే ఆవలించాను. 31 ఏళ్లుగా అద్దంలో చూసిన మొహం అప్పుడు నాది.

కారణం అల్లుడు చెప్పాడు, విన్నాక నాకూ సబబనిపించింది. కదలికను పసిగట్టే అవయవం చెవి లోపల ఉంటుంది. బస్సులో ఫోను చూసేవాడికి చెవి ‘కదులుతున్నాం’ అంటుంది, కన్ను ‘లేదు’ అంటుంది. ఈ పెట్టెలో తిరగబడుతుంది: కన్ను పరిగెడుతుంది, చెవి కూర్చునే ఉంటుంది. ఆ తగవు కడుపు మీద తీరుతుంది. ఘాట్‌లో నన్ను కాపాడింది గట్టితనం కాదు, స్టీరింగ్. ఏ మలుపు ఎప్పుడు వస్తుందో నా ఒంటికి ముందే తెలుసు. వీఆర్‌లో ఆ తెలిసిన ఒళ్లే నన్ను దెబ్బ తీసింది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం హెలికాప్టర్ సిమ్యులేటర్ (నేల మీదే ఉండి నడపడం నేర్పే యంత్రం) పెట్టినప్పుడు కూడా నేర్చుకునేవాళ్ల కంటే చేయి తిరిగిన శిక్షకులకే ఎక్కువ వికారం కలిగిందట. నాకు కొంత ఊరట.

ఆ అబ్బాయి ఇచ్చిన సలహా ఎందుకు తప్పో ఇప్పుడు చెప్పాలి. మొదటి ఆవలింతకే పెట్టె తీసేయాలి. ఓర్చుకుని ఆడితే అలవాటు కాదు, మర్నాడు ఆ పెట్టెను చూస్తేనే డోకొస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు, పది నిమిషాలు అంటూ పెంచుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఆడేవాళ్లు దీన్ని ‘వీఆర్ కాళ్లు రావడం’ అంటారు. లారీ ఆట తప్ప మిగతావాటికి నాకు వారం పట్టింది. మరో మాట: పెట్టె తీశాక గంటసేపు నాకు నేల తేలుతున్నట్టే ఉంది. ఆ స్థితిలో బైకు తీసి టీకి వెళ్లకూడదు. ఇది డ్రైవరు మాటగా తీసుకోండి.

ఆటలు చేసేవాళ్లకు ఇదంతా తెలుసు. అందుకే కొన్నింటిలో నడవకుండా, చూపించిన చోటికి ఒక్కసారిగా మారిపోయే పద్ధతి పెడతారు. కొన్నింటిలో కదిలేటప్పుడు చూపు అంచులను చీకటి చేస్తారు. మెటా వాళ్ల స్టోర్‌లో చాలా ఆటలకు, ఆడేవాళ్లకు ఎంత ఇబ్బందో చెప్పే సౌకర్యం, మధ్యస్థం, తీవ్రం అనే మూడు గుర్తుల్లో ఒకటి ఉంటుంది. మీ పేజీలో నాలుగు ఆటల బొమ్మలు వేశారు గానీ ఏ ఆటకు ఏ గుర్తో లేదు. 1960ల మొదట్లోనే మోర్టన్ హైలిగ్ అనే అమెరికన్ సెన్సోరమా అనే యంత్రం చేశాడట. అందులో బ్రూక్లిన్ వీధుల్లో మోటారు సైకిల్ సవారీ చూపిస్తూ కుర్చీని ఊపి, మొహానికి గాలి కొట్టి, వాసనలు కూడా వదిలేవాడట. ఒంటిని కూడా నమ్మించాలని ఆయనకు తోచింది. ఆ కుర్చీలో ఒకసారి కూర్చోవాలని నా కోరిక.

ఎత్తుకు భయపడేవాళ్ల సంగతి వేరే రాయాలి. రిచీస్ ప్లాంక్ ఎక్స్‌పీరియన్స్ అనే ఆటలో లిఫ్టు ఎక్కితే ఆకాశ హర్మ్యం పైన తలుపు తెరుచుకుంటుంది, ఎదురుగా ఒక పలక. మావాళ్లు నేల మీద నిజంగానే ఒక చెక్క పలక వేశారు. మా వియ్యపురాలు ఒక అడుగు వేసి, ఆ పలక మీదే కూలబడి, ‘నన్ను లోపలికి లాగండి’ అని అరిచింది. ఆమె కింద ఉన్నది రెండంగుళాల ఎత్తు! నవ్వాం గానీ, చేతులు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. బీపీ ఉన్నవాళ్లకు చెప్పకుండా తొడిగించకూడదని ఆ రోజే అల్లుడికి గట్టిగా చెప్పాను.

నాకు నచ్చింది వాండర్. గూగుల్ వీధి చిత్రాల మధ్య నిలబెడుతుంది. మన దేశంలో ఆ చిత్రాలు 2022 జులైలో పది నగరాలతో మొదలయ్యాయి, అందులో హైదరాబాద్ ఒకటి. అఫ్జల్‌గంజ్‌లో దింపమన్నాను. చుట్టూ బస్సులు, ఆటోలు, జనం. ఒక్క హారన్ లేదు. నా బతుకులో అంత నిశ్శబ్దంగా అఫ్జల్‌గంజ్‌ను చూస్తాననుకోలేదు. అలవాటుగా బస్సుల నెంబరు ప్లేట్ల కోసం చూశాను, అన్నీ మసకచేసి ఉన్నాయి, మొహాలు కూడా. తోటి డ్రైవరు ఎవరైనా ఉంటాడేమోనని ఒక బస్సు ముందు చాలాసేపు నిలబడ్డాను.

మళ్లీ ఇలాంటి అనుభవాలు వేస్తే దయచేసి ఒక్కొక్కరి చేత ఇవి రాయించండి: వయసెంత, కళ్లద్దాలు ఉన్నాయా, కూర్చుని ఆడారా నిలబడి ఆడారా, ఏ నిమిషంలో తల తిరిగింది. సోఫా ఎక్కడికి జరిపారో కూడా రాయించండి. గదిలో అటూ ఇటూ కదులుతూ ఆడాలంటే పొడవూ వెడల్పూ ఆరున్నర అడుగుల చొప్పున చోటు ఖాళీగా ఉండాలి. మా అమ్మాయి రెండు గదుల ఫ్లాట్‌లో అందుకు సోఫా వరండాలోకి, టీపాయ్ మంచం కిందకు వెళ్లాయి. అన్నీ జరిపాక కూడా అల్లుడు టేబుల్ టెన్నిస్ ఆడుతూ, అలసి, లేని బల్ల మీద చేయి ఆనించి బోర్లా పడ్డాడు.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. బ్రిటన్‌లో ఆ రౌండ్‌అబౌట్ ఇంకా దాటలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత బస్సు డ్రైవరు,
మార్కాపురం