‘నాకు ఆపరేషన్ అయిందిగా అక్కా’

చిన్నారికి,

అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు “పెళ్లయ్యాక రెండేళ్లు పిల్లలు వద్దనుకుంటున్నాం, మాత్రలు వాడనా అమ్మా?” అని అడిగితే “చూద్దాంలే” అని పెట్టేశాను. పక్కనే మీ నాన్న, మేనత్త కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్లు ఊళ్లలో ఏఎన్ఎమ్ నర్సుగా గడప గడపా తిరిగి ఈ మాటలే చెప్పినదాన్ని, కన్నకూతురు అడిగేసరికి గొంతు పెగల్లేదు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అడిగింది గర్భం రాకుండా ఏం వాడాలని. కలయికతో అంటుకునే జబ్బు రాకుండా ఏం వాడాలన్నది వేరే ప్రశ్న. దాన్ని మన ఇళ్లలో ఎవరూ అడగరు. ఒకదానికి దొరికిన జవాబే రెండోదానికీ సరిపోతుందనుకుంటారు.

నువ్వు బడికి వెళ్లే రోజుల్లో సంగతి. హైవే పక్క ఊళ్లో ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్లకే ఇద్దరు పిల్లల తల్లి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. మూడేళ్ల తర్వాత పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట అని నా దగ్గరికొచ్చింది. భర్త లారీ మీద వెళ్లేవాడు, నెలలో పది రోజులుంటే ఎక్కువ ఇంట్లో. రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌ఐవీ ఉందని తేలింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని “నాకు ఆపరేషన్ అయిందిగా అక్కా, నాకెలా వస్తుంది?” అంది. ఆపరేషన్ ముందు రోజు నేను ఎన్నో చెప్పాను. ఏం తినాలి, కుట్లు ఎప్పుడు విప్పుతారు, డబ్బులు ఎప్పుడు వస్తాయి, అన్నీ. ట్యూబులు కడితే బిడ్డ రాకుండా ఆగుతుందే తప్ప జబ్బు ఆగదని మాత్రం చెప్పలేదు. అది నన్ను ఇప్పటికీ కోస్తుంది. మందులు వాడుతూ ఆమె బాగానే ఉంది, పిల్లల పెళ్లిళ్లు కూడా చేసింది. కానీ ఆ ప్రశ్న నా చెవుల్లోంచి పోలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో పెళ్లయి 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 100కి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్ మీద ఆధారపడేవాళ్లు 100కి ఒక్కరు కూడా లేరు. అంటే గర్భం భయం తీరిపోయి, జబ్బు సంగతి తలపుకే రాని ఇళ్లు ఎన్నో చూడు.

ఇక నీ మాత్రల సంగతి. మాలా-ఎన్ లాంటి షీటులో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఒక్కటి కూడా తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో 100 మందిలో ఒకరికి కూడా గర్భం రాదు. మామూలుగా అందరూ వాడే తీరులో, మరుపులతో కలిపి, సుమారు 7 మందికి వస్తుంది. నీవి నైట్ షిఫ్టులు, అందుకని రోజూ వేసుకోవడానికి ఒకే టైము పెట్టుకో. ఒకటి మర్చిపోతే గుర్తురాగానే వేసుకో. వరసగా రెండు తప్పితే మాత్రలు కొనసాగిస్తూ వారం రోజులు కండోమ్ కూడా వాడాలి. ఇంకో మాట, నీకు ఇంటర్ నుంచి తలనొప్పి ఉంది కదా. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయా? కనిపిస్తే ఈ మాత్రలు నీకు పనికిరావు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. డాక్టర్ అడక్కపోయినా నువ్వే చెప్పు, బీపీ కూడా చూపించుకో.

అలాంటప్పుడు ఛాయా మాత్ర గురించి అడుగు. మన లక్నోలోని సీడీఆర్ఐ అనే ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థలోనే కనిపెట్టారు, అందులో ఆ హార్మోన్లు ఉండవు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మొదట్లో నెలసరి ఆలస్యమైతే కంగారు పడకు.

గర్భసంచిలో పెట్టే కాపర్-టి, మన ఊళ్లో లూప్ అంటారే, అదీ మంచిదే. ఏడాదిలో 100 మందిలో ఒకరికన్నా తక్కువమందికే గర్భం వస్తుంది. 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తుంది, తీయించుకోగానే గర్భం నిలవొచ్చు. మొదట్లో బ్లీడింగ్ ఎక్కువ కావచ్చు. అయితే లోపల ముందే ఇన్ఫెక్షన్ ఉండగా వేస్తే అది పైకి పాకే ముప్పు ఉంది, అందుకే ముందు చూపించుకోవాలి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ నీకు వద్దంటాను. ఆపేశాక గర్భం నిలవడానికి చాలా నెలలు పట్టొచ్చు, నువ్వేమో రెండేళ్లే అంటున్నావు.

ఇవేవీ జబ్బుని ఆపవు తల్లీ. 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర కూడా అంతే.

ఆపేది కండోమ్ ఒక్కటే. గర్భం విషయంలో మాత్రకన్నా, లూప్ కన్నా వెనకే ఉంటుంది. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదికి 100లో 2, మామూలు వాడకంలో 13 దాకా గర్భాలు వస్తాయి. కానీ హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియా లాంటివాటిని బాగా అడ్డుకుంటుంది. హెర్పిస్, సిఫిలిస్ పుండ్లు, హెచ్‌పీవీ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే వైరస్) చర్మం తగిలితే అంటుకునేవి, కండోమ్ కప్పని చోట ఉంటే దాటొచ్చు. కొబ్బరినూనె రాయకూడదు, రబ్బరు పాడై చినుగుతుంది. రెండు ఒకదానిమీద ఒకటి వేయకూడదు. పర్సులో నెలల తరబడి దాచినది, తేదీ దాటినది పారేయండి.

నా మాట, మీ ఇద్దరి పరీక్షలయ్యేదాకా మాత్రగానీ ఛాయాగానీ ఒకటి, దానితోపాటు కండోమ్. తర్వాత ఏం చేయాలో మీరిద్దరూ తేల్చుకోండి.

పరీక్షలు అనగానే ఆ అబ్బాయి మీద అనుమానం అనుకోకు. అతను చాలా మంచివాడు, నాకు నచ్చాడు. కానీ ఒంట్లో ఉన్నా పైకి కనపడని జబ్బులుంటాయి. క్లమీడియా ఏ బాధా లేకుండానే ట్యూబులు మూసేయొచ్చు, పిల్లలు కావాలనుకున్నప్పుడు అది బయటపడుతుంది. “ఇద్దరం కలిసి చేయించుకుందాం” అని నువ్వే మొదలుపెట్టు. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో, అంటే సలహా చెప్పి పరీక్ష చేసే కేంద్రాల్లో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. సిఫిలిస్, హెపటైటిస్-బి కూడా చూపించుకోండి. ఈమధ్యే సోకితే మూడు నెలల దాకా హెచ్‌ఐవీ తేలకపోవచ్చు, అప్పుడు రెండోసారి చేయించాలి. నీ ఇష్టం లేకుండా పరీక్ష చేయడానికిగానీ, ఫలితం బయటపెట్టడానికిగానీ 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. సిఫిలిస్, క్లమీడియా లాంటివి తేలితే ఇద్దరూ మందు వాడాలి. ఒకరే వాడితే మళ్లీ అంటుకుంటుంది.

హెచ్‌పీవీ టీకా సంగతి మాత్రం ఆలస్యం చెయ్యకు. మన పుణెలో తయారయ్యే సెర్వావాక్ 26 ఏళ్ల వరకే, నీకిప్పుడు 25 నిండాయి. నీ వయసుకి ఆరు నెలల్లో మూడు డోసులు. సంక్రాంతికి వచ్చేలోగా మొదటిది వేయించుకో.

తలనొప్పి ఎలా వస్తుందో డాక్టర్‌కి చెప్పి, ఏమన్నారో ఫోన్ చెయ్యి. ఈసారి ఎవరు పక్కనున్నా పెరట్లోకి వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
అమ్మ