చివర్లో ఆ సున్నాలు ఎందుకండీ?

సంపాదకులకు నమస్కారం. లిస్టుని ఒకదాని మీదికి ఒకటి ఎక్కే ముక్కలుగా కోయడం గురించి మీ చదువుల పేజీలో వచ్చిన పాఠం చదివాను. బాగానే రాశారు గానీ, తలనొప్పంతా ఉండే, ముక్కల్లో తక్కువ పడిన చోట్లని నింపే ప్యాడింగ్‌ని మాత్రం "మిగిలిన చోట సున్నాలు పెట్టుకోవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒకప్పుడు నేనూ అలాగే పెట్టి ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

వారం రోజుల ఉష్ణోగ్రతలు 30, 32, 31, 33, 34, 32, 33 అనుకోండి. మూడేసి అంకెల ముక్కలు, ఒక్కో అడుగు జరుపుతూ కోస్తే నిండు ముక్కలు 5 వస్తాయి, వాటి సగటులు 31, 32, 32.67, 33, 33. ఇక్కడిదాకా పేచీ లేదు. కానీ ఏడు రోజులకీ ఏడు సగటులు కావాలంటే ఆరో ముక్కకి ఒక అంకె, ఏడోదానికి రెండు తక్కువ పడతాయి, అక్కడ సున్నాలు పెడితే సగటు 21.67కి, ఆ వెంటనే 11కి పడిపోతుంది. అచ్చం ఇలాంటి గ్రాఫే చూసి నేను సెన్సర్ పాడైందనుకుని దాని వైర్లన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను. దానికేం రోగం లేదు, సున్నా కూడా ఒక ఉష్ణోగ్రతేనని నాకే తట్టలేదు!

చివరి అంకెనే మళ్లీ రాస్తే అవే రెండూ 32.67, 33 అవుతాయి. ముక్కని పొట్టిగానే వదిలేసి ఉన్నవాటికే సగటు కడితే 32.5, 33. వుల్‌ఫ్రమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లిస్టుని కోసే పార్టిషన్ అనే ఫంక్షన్ సంగతి ఇంకో రకం: పొడవు, అడుగు మాత్రమే ఇస్తే మిగిలినవి వదిలేస్తుంది, ముక్క ఎక్కడ మొదలవ్వాలో కూడా చెప్పి ప్యాడింగ్ సంగతి చెప్పకపోతే లిస్టుని గుండ్రంగా చుట్టేసి మొదటి అంకెల్ని తెచ్చి చివర అతికిస్తుంది. తిరిగి మొదటికే వచ్చే దిక్కుల్లాంటి వాటికి అది భేషుగ్గా కుదురుతుంది, వారం ఎండలకి మాత్రం ఆదివారం పక్కన ఎప్పుడో అయిపోయిన సోమవారం వచ్చి కూర్చుంటుంది. క్లోజర్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలోనైతే నింపడానికి అంకెలు ఇచ్చినా మొదట తక్కువ పడిన ముక్కని నింపి అక్కడితో ఆగిపోతుంది, అంటే మన లిస్టుకి 6 ముక్కలే.

అసలు ప్యాడింగే వద్దంటే పోలా అని కొందరంటారు. పోదు, ఎందుకంటే అప్పుడు మొదటి 30 ఒక్క ముక్కలోనే పడుతుంది, మధ్యలో ఉన్న 33 మాత్రం మూడింటిలో ఉంటుంది. రెండు అంచులూ బయటికి వేలాడనిచ్చి 9 ముక్కలు చేస్తేనే ప్రతి అంకెకీ మూడేసి చోట్లు దక్కుతాయి, ఆ వేలాడే చోట్లలో ఏం పెట్టాలన్నది ఆ అంకెలు ఎక్కడివో తెలిసినవాళ్లే చెప్పాలి, అది ప్రోగ్రామింగ్ భాష వల్ల అయ్యే పని కాదు.

ఈ పాఠం మళ్లీ వేస్తే, సున్నాలు పెట్టమన్న వాక్యం పక్కనే ఆ 21.67, 11 కూడా అచ్చేయండి.

- మీ పాఠకుడు, ఒక ప్రోగ్రామర్