రిపేరు పనివాళ్లకు సాయంత్రం క్లాసులు పెట్టండి

సంపాదకుల గారికి,

పోయిన నెల ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతు మా షాపుకు సోలార్ ఇన్వర్టర్ తెచ్చాడు. నేను మూత విప్పుతుంటే పక్కనే నిలబడి, "అన్నా, మావాడు పది పాసయ్యాడు, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్‌లో చేర్చమంటావా? ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే కదా, ఈ రిపేర్లలో ఇంకేముంది?" అని అడిగాడు. చేర్చు అని చెప్పాను. చెప్పానే గానీ ఆ పిల్లవాడు బయటికొచ్చే రెండేళ్లకు ఏ పని చేతికొస్తుందో, అది వాడికి ఎవరు నేర్పుతారో అని ఆ రాత్రంతా అదే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

నేను 1994లో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన ఒక టీవీ షాపులో పనికి చేరాను. అప్పుడు పనంతా పిక్చర్ ట్యూబ్ టీవీలదే. బీయూ 508 అనే పవర్ ట్రాన్సిస్టర్ పోయిందా, డ్రై సోల్డర్ (అతుకు సరిగ్గా పట్టకపోవడం) ఉందా, ట్యూబుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఈహెచ్‌టీ పాడైందా, సగం టీవీలు ఈ మూడింట్లో తేలిపోయేవి. చాలా టీవీలతో పాటు సర్క్యూట్ డయాగ్రం వచ్చేది, లేకపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో డయాగ్రంల పుస్తకాలు కొనుక్కొచ్చుకునేవాళ్లం. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి సామాన్లతో తిరిగొచ్చేసేవాళ్లం.

ఇక జీవితాంతం ఇదే పని అనుకున్నాను. 2000 దాటాక నెట్ సెంటర్లు వచ్చాయి, అసెంబుల్డ్ కంప్యూటర్లు వచ్చాయి. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టడం, ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై డబ్బా మార్చడం, విండోస్ ఎక్స్‌పీ వేయడం, మదర్‌బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవుంచేవి) పీకి కొత్తవి అతకడం. ఆ కెపాసిటర్ల పని మాత్రం టీవీ వాళ్లకు కొట్టిన పిండి, అందుకే నిలబడగలిగాను. ఆ తర్వాత ఫ్లాట్ టీవీలు రావడంతో పిక్చర్ ట్యూబ్ పని కొన్నేళ్లలోనే పడిపోయింది. నాతో కలిసి నేర్చుకున్నవాళ్లలో ఒకరు ఆటో కొనుక్కున్నారు, ఇద్దరు రొయ్యల గుంటల మీదికి వెళ్లారు. వాళ్లకు చేతిపని రాక కాదు, కొత్తది నేర్చుకునే చోటు లేక.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించి వస్తోంది. చిప్ కింద కాళ్లుండవు, సీసపు గుండ్లలాంటి చుక్కలుంటాయి. దాన్ని వేడి గాలితో లేపి, పాత సోల్డరంతా తుడిచి, మళ్లీ చుక్కలు పోసి కూర్చోబెట్టాలి. మైక్రోస్కోపు లేకుండా ఇవి కంటికి ఆనవు. నాకు 40 దాటాక ఒక శిక్షణ కేంద్రంలో, పేరెందుకు గానీ, ఫీజు కట్టి చేరితే నెలరోజులూ పాత డెస్క్‌టాప్ బోర్డే చూపించి సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. చివరికి నా డబ్బుతో చెడిపోయిన బోర్డులు కొని, వాటి మీద కాల్చి కాల్చి నేర్చుకున్నాను.

ఈ మూడేళ్లలో నా దగ్గరికొచ్చే సామానంతా మళ్లీ మారిపోయింది. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు నడిపే డ్రైవ్‌లు, ఈ-ఆటోల కంట్రోలర్లు, బ్యాటరీ బోర్డులు, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టెలు (డీవీఆర్‌లు) వస్తున్నాయి. 2024లో ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ఊళ్లలో ఇళ్ల మీద ప్యానెళ్లు పెరుగుతున్నాయి, ప్యానెల్ ఉన్నచోట ఇన్వర్టర్ ఉంటుంది, ఇన్వర్టర్ ఉన్నాక ఎప్పుడో ఒకప్పుడు రిపేరు ఉంటుంది. అందులోనూ మనది సముద్రపు గాలి. ఆ రైతు తెచ్చిన ఇన్వర్టర్ విప్పితే ఫ్యాన్ పక్కన రాగి గీతల మీద పచ్చగా చిలుము, రెండు పిన్నుల మధ్య ఎండిపోయిన బల్లి. బల్లిని తీసి, బోర్డు కడిగి, తెగిన గీతకు సన్నతీగ అతికితే లేచింది. కొత్తది కొనాల్సిన పని తప్పింది.

అయితే దీన్ని గుడ్డిగా ముట్టుకుంటే ప్రాణం పోతుంది. టీవీలో 20 వేల వోల్టులకు పైన ఉన్నా, షాక్ కొడితే చెయ్యి విదిలించుకుని బతికిపోయినవాళ్లం చాలామందిమి. సోలార్ లైను అలా కాదు, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వస్తూనే ఉంటుంది, ఇన్వర్టర్ ఆపేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి. లిథియం బ్యాటరీని తప్పుగా కలిపితే మంట లేస్తుంది. మేము దెబ్బలు తిని నేర్చుకున్నట్టు ఈ పిల్లల్ని నేర్చుకోమనడం తప్పు.

డయాగ్రంల సంగతి ఇంకో బాధ. కంపెనీల రిపేరు సమాచారం జనానికి అందాలని కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, మంచిదే, నేను చూశాను. కానీ నాకు ఆ ఇన్వర్టర్ డయాగ్రం ఎక్కడా దొరకలేదు, మీటరు పట్టుకుని గీత గీత వెతుక్కోవాల్సి వచ్చింది.

కాబట్టి అధికారులను అడిగేది ఒకటే. ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ కోర్సు రెండేళ్లు, అది పిల్లలకు. 30 ఏళ్లు, 45 ఏళ్లు వచ్చి షాపు నడుపుతున్నవాడు రెండేళ్లు షట్టర్ దించి కూర్చోలేడు. నెల్లూరు, ఒంగోలు ఐటీఐల్లో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వారానికి మూడు రోజులు ల్యాబ్ తెరవండి. ఒక మైక్రోస్కోపు, చిప్పుల్ని వేడి గాలితో లేపే రెండు హాట్ ఎయిర్ స్టేషన్లు, విప్పి చూడటానికి పాత ఇన్వర్టర్లు, బ్యాటరీ బోర్డులు పెట్టండి. డీసీ భద్రత ముందు నేర్పి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ చేతికివ్వండి. చేతిపని వచ్చినవాడికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కేంద్రం నడిపే శిక్షణ పథకం కౌశల్ వికాస్ యోజనలో ఉంది, దాన్ని మా సందుల్లోకి కూడా తీసుకురండి. ఆ కాగితం ఉంటే బ్యాంకులో లోన్ అడగడానికైనా పనికొస్తుంది.

సోల్డరింగ్ నేర్పడానికి మనిషి లేడంటారేమో, పిక్చర్ ట్యూబ్ కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాళ్లం ఈ ఊళ్లోనే కొంతమందిమి ఉన్నాం. షాపు మూసేసి మేమే వస్తాం, డబ్బులేమీ అడగం.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
నెల్లూరు