సైకిల్ స్టాండు దగ్గర జరిగింది, టెస్ట్ పైలట్ల సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం సాయంత్రం నుంచి క్లాసు గ్రూపుల్లో ఏం తిరుగుతోందో నాకూ తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఏడో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ల జేజి పాత చీర బ్యాగులో పెట్టుకొచ్చాడు. ఇంటర్వెల్‌లో పారాచూట్ లాగా దాని కొనలు నడుముకు బిగించి సైకిల్ స్టాండు పక్క గోడ మీంచి దూకాడు. గోడ ఎత్తు ఆరడుగులు. చీర విచ్చుకోలేదు. చెయ్యి బెణికింది, ఎక్స్‌రే తీయించాం, ఎముకకు ఏమీ కాలేదు. మేడ మీంచి దూకాడన్నది అబద్ధం. ఆ సమయంలో అటువైపు టీచరు లేకపోవడం మాత్రం మా తప్పే. సోమవారం నుంచి ఇద్దరుంటారు.

"అసెంబ్లీలో పైలట్ల కథలు చెప్తే పిల్లలు దూకక ఏం చేస్తారు మేడమ్?" అని ఒక తండ్రిగారు అడిగారు. ఆ కథ చెప్పింది నేనే. రాకేశ్ శర్మ హైదరాబాదులో చదువుకున్నారు, 1970లో వాయుసేన పైలట్ అయ్యారు, మరుసటి ఏడాదే యుద్ధంలో మిగ్-21 నడిపారు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్లి దాదాపు ఎనిమిది రోజులు ఉండి వచ్చారు. ఆ తర్వాత ఏం చేశారని ఎవరూ అడగరు! సన్మానాలు చేయించుకుంటూ కూర్చోలేదు. 1987లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో చేరి, చీఫ్ టెస్ట్ పైలట్‌గా మళ్లీ విమానాలు పరీక్షించే పనికే వెళ్లారు. 2025లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా కూడా టెస్ట్ పైలటే.

ఆ పనిలో గోడలు దూకేవాళ్లకు చోటు లేదు. వాయుసేనకు బెంగళూరులో టెస్ట్ పైలట్ల స్కూలు ఉంది, దాదాపు ఏడాది కోర్సు. ఏళ్ల తరబడి యుద్ధ విమానాలు నడిపినవాళ్లు అక్కడ మళ్లీ బెంచీ మీద కూర్చుని లెక్కలు చేస్తారు, రిపోర్టులు రాస్తారు. ఏ ఎత్తులో, ఎంత వేగంలో ఏం చేయాలో కార్డు మీద రాసుకున్నాకే విమానం ఎక్కుతారు. కింద ఇంజినీర్లు అంకెలు చూస్తుంటారు, ఏదైనా తేడా కొడితే ఆ పరీక్ష ఆపి దిగిపోవడమే. 2001 జనవరి 4న మన దేశపు యుద్ధ విమానం తేజస్ మొదటిసారి ఎగిరినప్పుడు వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ దాన్ని గాలిలో ఉంచింది 18 నిమిషాలే. ఇంత జాగ్రత్తపడినా ప్రాణం పోవచ్చు. మీలో సగం మంది బెంగళూరు వెళ్లొస్తుంటారు కదా, అక్కడ సురంజన్ దాస్ రోడ్డు ఉంది. అంతకు ముందు మన దేశంలో తయారైన మారుత్ యుద్ధ విమానాన్ని తొలిసారి ఎగరేసిన టెస్ట్ పైలట్ ఆయన. 1970 జనవరిలో ఆ మారుత్‌నే పరీక్షిస్తూ చనిపోయారు.

టెస్ట్ పైలట్ దిగివచ్చి "అంతా బాగుంది సార్" అంటే సరిపోదు. ఏది వణికింది, ఏది బిగుసుకుంది, తను ఎక్కడ తడబడ్డాడు, అన్నీ చెప్పాలి. సిగ్గుపడి దాచితే రేపు అదే విమానం ఎక్కే కుర్రాడి ప్రాణానికి ముప్పు. మన బడిలో తప్పుల పుస్తకం పెట్టింది ఇందుకే! అందులో మార్కులుండవు, ఎర్ర ఇంకు ఉండదు. ఏం చేశాను, ఎక్కడ పొరపాటు పడ్డాను, అంతే. మీరేమో ఆ పేజీలు చింపి, చక్కని దస్తూరీతో మళ్లీ రాయించి పంపుతున్నారు. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ పోయిన వారం ఒకే షాపులో కొన్న తొమ్మిది థర్మోకోల్ రాకెట్లు నా టేబుల్ మీదికొచ్చాయి, రెండింటికి ధర చీటీ కూడా తీయలేదు.

ఆరో తరగతి అమ్మాయి ఒకతి కాగితం విమానం నలభైసార్లు విసిరి, ప్రతిసారీ రాసుకుంది. పదకొండోది: "మూతి బరువెక్కువ, నేలలో పొడుచుకుంది." పన్నెండోది: "నేను కోపంగా విసిరాను, విమానం తప్పు లేదు." ఆ పేజీ జిరాక్స్ తీయించి స్టాఫ్‌రూంలో అంటించాను. వాళ్లమ్మ మాత్రం అక్షరాలు బాగాలేవని నాకు క్షమాపణ చెప్పింది!

ఫీజు పదో తేదీలోపు కట్టండి, స్వెట్టర్ల కొలతలు శనివారం, హంపి టూర్ అనుమతి పత్రాల మీద సంతకాలు మీరే పెట్టండి, అన్నయ్యలతో పెట్టించొద్దు. రాత్రి పదకొండు దాకా ఫోను చూసిన పిల్లలు మొదటి పీరియడ్‌లో ఎలా ఉంటారో ఎప్పుడైనా వచ్చి చూడండి, టీ ఇస్తాం.

దూకిన అబ్బాయి బాగున్నాడు. శుక్రవారం ఎడమ చేత్తో తప్పుల పుస్తకం రాశాడు: "కొనలన్నీ ఒకేచోట కట్టాను. గాలి దూరలేదు. గోడ ఇంకా ఎత్తుండాలి." మూడో వాక్యం చదివాక మేస్త్రీకి కబురు పెట్టాను, ఆ గోడ మీద ఇనుప కంచె వేయిస్తున్నాం. చీర ఉతికించి ఆఫీసులో పెట్టాం, జేజిగారు వచ్చి తీసుకెళ్లవచ్చు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు, అనంతపురం